గడప లేని ఇల్లు

ఏన్కూరు బస్టాండులో, చేతిలో కొలతల పుస్తకంతో, కొత్తగూడెం బస్సు కోసం నిలబడి ఉన్న మధులతను పోయినసారి వదిలి వచ్చాం. అప్పటికి ఆమె చూసిన ఇళ్లు రెండు. రెండింట్లోనూ తప్పు దొరకలేదు. ఆమె దిగులంతా అదే.

రామవరంలోని వాళ్ల పాత ఇంటి వంటగది కప్పు పెచ్చులూడిపోతోంది. వానలు మొదలయ్యేలోగా బాగు చేయించాలి. బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే ఆమె భర్త ప్రేమ్‌సాగర్, ఆ పని చాందికి ఇద్దామన్నాడు. చాంది ఆడ మేస్త్రి. ఆమె భర్త గోప్యా మంచాన పడ్డాక కూలీల ముఠాను తనే నడుపుతోంది. మధులతకు గుచ్చుకున్నది ఆమె ఆడమనిషి కావడం కాదు. "చాంది అయితే మంచిగ చేస్తది" అని ప్రేమ్‌సాగర్ అన్నప్పుడు ఆ పేరు చివర మేస్త్రి అన్న మాట లేదు. నోటికి బాగా అలవాటైన పేరులా వచ్చింది. పన్నెండేళ్ల కాపురంలో తన పేరు ఆ నోట అంత తేలిగ్గా ఎప్పుడు వచ్చిందో ఆమెకు గుర్తు రాలేదు.

"ముందు చేసిన ఇండ్లు చూడకుంట నేనొప్పుకోను" అంది అప్పుడు.

ఎవరైనా మెచ్చుకునే మాటే. రెండు నెలల పాటు ఇల్లు ఒకరికి అప్పగించే ముందు, వాళ్ల పని ఎలాంటిదో చూసుకోవడంలో తప్పేముంది? జాగ్రత్త అనే కండువా కప్పుకుంటే అసూయ కూడా పట్టపగలు మర్యాదగా నాలుగిళ్లు తిరిగి రాగలదు.

చాంది తన లేబర్ కార్డు చూపించింది. రెండు ఇళ్ల అడ్రసులు కాగితం మీద రాయించి ఇచ్చింది. మధులత కార్డు మీద నంబరు చూడలేదు, తేదీ చూడలేదు. ఫొటో చూసింది. సున్నం మరక ఉన్న చెంప, నూనె లేని జుట్టు, ఎవరికీ భయపడని కళ్లు. అందగత్తె కాదు. అది కొంత ఊరటగా ఉండాల్సింది. ఉండలేదు.

ఆ తర్వాత ఉప్పలమ్మ ఇంటికీ, ఏన్కూరులో పద్మావతమ్మ గారింటికీ వెళ్లింది. టైల్స్ మీద కత్తెర పిడితో కొట్టి, కింద డొల్ల ఉందేమోనని విన్నది. బాత్రూంలో చెంబెడు నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూసింది. చెప్పిన రోజుకు పని ముగించిందా, ముఠాలో తాగేవాళ్లున్నారా అని మగవాళ్లను వదిలేసి ఆడవాళ్లను అడిగింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండు వంటగదుల్లోనూ తలుపు వెనక ఒక వెదురు కర్ర కనిపించింది. అది చాంది పద్ధతి. వంటగట్టు కట్టే ముందు, ఆ ఇంట్లో వండే మనిషిని నిలబెట్టి, నేల నుంచి మోచేతి దాకా కొలిచి, పిడికెడు తగ్గించి కర్ర కోస్తుంది. గట్టు ఎత్తు ఆ కర్రంత. పనయ్యాక కర్రను అక్కడే వదిలేస్తుంది. ఎప్పుడైనా గట్టు పగలగొట్టి కట్టాల్సివస్తే, ఆ ఇంటి కొలత ఆ ఇంట్లోనే ఉంటుంది.

మధులత దర్జీ. ఇంకో ఆడమనిషి కూడా మనుషుల ఒళ్లు కొలిచి బతుకుతోందని తెలిసినప్పుడు ఆమె సంచిలోని తన టేపును ఒకసారి తడిమి చూసుకుంది.

బయలుదేరేముందు పద్మావతమ్మ గారు మాటల్లో అన్నారు. "మా పనికి ముందు దుమ్ముగూడెంలో పోతయ్య గారిల్లు చేసిందంటమ్మా. అక్కణ్ణించే సామానంతా తెచ్చుకుంది."

చాంది ఇచ్చిన కాగితంలో దుమ్ముగూడెం లేదు.

బస్టాండులో నిలబడి మధులత ఆ మాటనే నములుతోంది. చూపించిన ఇల్లు ఎవరైనా చూస్తారు. చూపించని ఇంట్లోనే పనితనం బయటపడుతుంది.

* * *

గురువారం తెల్లారింది. ప్రేమ్‌సాగర్ ఫస్ట్ షిఫ్టుకు బూట్లు తొడుక్కుంటున్నాడు. మధులత మిషను మీది గుడ్డ తీసి మడత పెడుతోంది.

"చాందికి ఏం చెప్పినవ్? ఈరోజు చెప్పకపోతే ముఠాను తీసుకొని కల్లూరు పనికి పోతదట. మళ్ల వానలైపోయేదాకా దొరకదు."

"నీకు ఫోన్ చేసిందా?"

"నీకు చేస్తే ఎత్తుతలేవట."

"ఇంకో ఇల్లు చూడాలె."

లేసు కడుతున్న అతని చేతులు ఆగాయి. "ఇచ్చినయే రెండు కద."

"మంచిగ చెప్పేటోళ్ల అడ్రసులే ఇస్తరు ఎవలైనా."

"నువ్వు మేస్త్రిని చూస్తున్నవా మధూ, పెండ్లి సంబంధం చూస్తున్నవా?"

"పెండ్లప్పుడు గింత చూడలే. అందుకే ఇప్పుడు చూస్తున్న."

అతను నవ్వాడు. నవ్వి, అప్పటికే కట్టి ఉన్న రెండో బూటు లేసు విప్పి మళ్లీ కట్టాడు. మధులత అది చూసింది. బట్ట కత్తిరించేవాళ్లు ముఖాల కంటే చేతులనే ఎక్కువ చూస్తారు.

టిఫిన్ డబ్బా అందుకుని, "ఏ ఊరు?" అన్నాడు, తలుపు దగ్గర నిలబడి.

"ఇంకా అనుకోలే."

అబద్ధం చెప్పినందుకు ఆమెకు సిగ్గనిపించలేదు. అతను వెళ్లాక అద్దంలో చూసుకుంటూ జడ వేసుకుంది. పనితనం చూడటానికి వెళ్లే మనిషికి నెమలికంఠం చీర ఎందుకని తనను తానే అడుగుతూ ఆ చీరే కట్టుకుంది.

* * *

భద్రాచలం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పాల్వంచ దాటాక అడవి మొదలైంది. టేకు ఆకులు రాలి, చెట్ల మధ్య నుంచి లోపలి దాకా కనిపిస్తోంది. అడవికి కూడా ఏటా ఒకసారి దాచుకోవడానికేమీ మిగలదు. ఇప్ప పూల తీపి వాసన కిటికీలోంచి వచ్చి, పక్క సీటులోని ఆమె గంపలోని ఎండు మిర్చి ఘాటులో కలిసింది.

మధులత కొలతల పుస్తకం తెరిచింది. ముందు పేజీల్లో ఆడవాళ్ల కొలతలు, వెనక పేజీల్లో చాంది కోసం రాసుకున్న పట్టిక. వెనక పేజీలు దాదాపు ఖాళీ. ఆ ఖాళీ చూడలేక ముందుకు తిప్పింది.

ఆమెకు మనుషులు గుర్తుండేది అంకెల్లోనే. ఒక పేజీ దగ్గర ఎప్పటిలాగే వేలు ఆగింది. 'ఫోర్‌మెన్ గారింటామె. నడుము ఇరవై ఎనిమిది. చేతి లావు పద్నాలుగు.' రెండేళ్ల కింద ప్రేమ్‌సాగర్ ఒక పాత జాకెట్టు తెచ్చి, దీని కొలతకు నాలుగు కుట్టమన్నాడు. ఆ తర్వాత ఏటా రెండో మూడో కుట్టింది. సన్నటి నడుము, మూటలు మోసేవాళ్లకుండే చేతులు. "ఏందయ్యా, మీ ఫోర్‌మెన్ పైల్వాన్‌ను చేసుకున్నడా?" అని ఎగతాళి చేసింది. అతను నవ్వలేదు. కంపెనీ క్వార్టర్లో కూర్చుని తినే ఆమెకు ఆ చేతులెక్కడివని చాలాసార్లు అనుకుంది. ఎప్పుడూ చూడని ఆ మనిషి మీద ఆమెకు అసూయ లేదు. కుట్టిన వాళ్లమీద అసూయ పడితే దర్జీ బతకలేదు.

మరి చాంది మీద ఎందుకు? బస్సు గోదావరి బ్రిడ్జి ఎక్కుతుంటే ఆ ప్రశ్న వేసుకుంది. నీళ్లు ఒక పక్కకు ఒదిగి, ఇసుక తిన్నెలు ఎండలో మెరుస్తున్నాయి. భర్తకూ ఆమెకూ మధ్య ఏదో ఉందని నిజంగా అనుకుంటోందా? అనుకోవడం లేదు. అనుకోవాలని ఉంది. ఎందుకంటే నెలకు రెండు ఆదివారాలు దోస్తులతో చేపలకని వెళ్లే మనిషి, సాయంత్రం శుభ్రంగా కోయించిన చేప ముక్కలు తెచ్చి గట్టు మీద పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఆ చూపుకు ఒక పేరు కావాలి. నాలుగేళ్లుగా పేరు దొరకలేదు. చాంది అన్న మాట వినగానే దొరికినట్టయింది.

* * *

భద్రాచలంలో ఆటో మారి దుమ్ముగూడెంలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. పోతయ్య ఇల్లెక్కడని అడిగితే ఏటి వైపు వీధి చూపించారు. చివరి ఇల్లు. చిన్నదే అయినా కొత్త రంగు. వసారాలో ముసలాయన కాళ్లు చాపుకుని, బొటనవేలికి తాడు తగిలించి వల అల్లుతున్నాడు.

"పెద్దయ్యా, చాంది మేస్త్రి కట్టిన ఇల్లు ఇదేనా? మేం ఆమెకు పని ఇద్దామనుకుంటున్నం. ఒక్కసారి చూసిపోత."

"చూడు బిడ్డా. ఇల్లేమన్న లేచి పారిపోతదా? నీల్లు తాగుతవా?"

"తర్వాత తాగుత."

వసారాకు మెట్లు లేవు. వీధి నుంచి సిమెంటుతో ఏటవాలుగా తీర్చారు. మధులత దాని మీద నడిచి తలుపు దగ్గరికి వచ్చి, అలవాటుగా కాలు ఎత్తింది. ఎత్తిన కాలు ఏమీ దాటకుండానే నేల మీద పడింది. తూలి, తలుపు పట్టుకుంది.

గడప లేదు.

దర్వాజా చెక్కలు రెండు వైపులా నేల దాకా దిగి ఆగిపోయాయి. మధ్యలో పసుపు రాయడానికీ బొట్టు పెట్టడానికీ ఏమీ లేదు. వీధి నేరుగా ఇంట్లోకి వచ్చేసినట్టుంది. ఆమె గుండె వేగం పెరిగింది. సంతోషంతో. దర్వాజా నిలబెట్టే రోజు కొబ్బరికాయ కొట్టి గడప కింద నవధాన్యాలు వేస్తారు. గడప మరిచిపోయే మేస్త్రి ఈ చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఉండడు. ఉంటే వాడికి రెండో ఇల్లు దొరకదు.

పుస్తకం వెనక పేజీ తెరిచి రాసింది. 'గడప లేదు.' కాస్త ఆలోచించి కింద ఇంకోటి. 'మెట్లు లేవు. వరదొస్తే నీళ్లు సరాసరి లోపలికి.'

లోపలి గదికీ గడప లేదు. స్విచ్చు బోర్డులు ఆమె నడుము దగ్గరున్నాయి. రాసింది. బాత్రూం తలుపు ఉండాల్సిన దానికంటే జానెడు వెడల్పు. రాసింది. తువ్వాల వేసుకునే ఇనుప కడ్డీ మోకాళ్లకు కాస్త పైన, గోడకు రెండు వైపులా. ఇంత కింద ఎవరు తువ్వాల ఆరేస్తారు? రాసింది. కత్తెర పిడితో టైల్స్ కొట్టింది. అవి మాత్రం గట్టిగా పలికాయి. అది రాయలేదు. తొమ్మిది తప్పులయ్యాయి. చేతిరాత ముందు పేజీల్లోకంటే అందంగా వచ్చింది. ఇన్ని రోజులకు ఊపిరి నిండుగా ఆడింది. కళ్ల ముందున్న వస్తువులన్నీ చెయ్యెత్తి ఒకే మాట చెబుతున్నా వినిపించుకోనంత ఆనందంలో ఉంది ఆమె.

అక్కడి నుంచే కేక వేసింది. "గడప పెట్టలేదేంది పెద్దయ్యా? మేస్త్రి మర్సిపోయిందా?"

"మర్సిపోవుడేంది? ఆమెనే పెడతనన్నది. సారు వద్దన్నడు."

"ఏ సారు?"

"వంట సారు."

"వంట సారేంది?"

"పేరు పెట్టి పిలుస్తె బాగుండదు కదా బిడ్డా. ఆదివారం పూట వస్తడు. నేను చేపలు పడత. ఆయన కోస్తడు, కడుగుతడు, పులుసు పెడతడు. సగం మాకు. తతిమ సగం పచ్చి ముక్కలే మూట గట్టుకొని ఇంటికి పట్కపోతడు." పోతయ్య వలలో ముడి బిగిస్తూ నవ్వాడు. "మొగోడు వండితే గంత రుచేంది అనుకున్న. తింటే తెలుస్తది."

మధులత వంటగది తలుపు నెట్టింది.

గట్టు రెండు ఎత్తుల్లో ఉంది. ఒక పక్క బాగా కిందికి, కింద అలమర్లు లేకుండా ఖాళీగా. స్టవ్ ఉన్న పక్క పైకి. తెరిచిన పుస్తకం ఆ ఎత్తు గట్టు మీద పెట్టి, దాని ముందు నిలబడి చేతులు ఆనించి చూసింది. భుజాలు లేచిపోయాయి. ఆ గట్టు తన కోసం కట్టింది కాదు. ఏ ఆడమనిషి కోసమూ కట్టింది కాదు.

తలుపు వెనక రెండు వెదురు కర్రలు. పొడుగుదాన్ని తీసి నేలకు ఆనించి పక్కన నిలబడింది. కర్ర ఆమె మోచేతిని దాటి పైకి వచ్చింది. సంచిలోంచి టేపు తీసి కొలిచింది. నలభై రెండు అంగుళాలు. ఉప్పలమ్మ కర్ర ముప్పై మూడు, పద్మావతమ్మ గారిది ముప్పై నాలుగు. నలభై రెండుకు ఒక పిడికిలి కలిపితే ఆ మోచెయ్యి ఎంత పొడుగు మనిషిది?

ఈ జిల్లాలో పొడుగు మగవాళ్లు ఎంతమంది లేరు, అనుకుంది. ప్రేమ్‌సాగర్ మెడ, ఛాతీ, చేతి పొడవు, మణికట్టు, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. నేల నుంచి మోచేతి దాకా ఎంతో తెలియదు. చొక్కా కుట్టడానికి ఆ కొలత అక్కర్లేదు. ఇంట్లో కూర్చున్న చోటికి మంచినీళ్లు తెప్పించుకునే మనిషికి ఆ కొలతతో పనేముందని ఎవరు అనుకుంటారు?

అప్పుడు కనిపించింది. స్టవ్ పక్కన మేకుకు వేలాడుతున్న నీలి గళ్ల చొక్కా. పసుపు మరకలు, నూనె మరకలు. వంట చేసేటప్పుడు తొడుక్కునేదని చూస్తేనే తెలుస్తోంది. ఆమె దాన్ని తీసి భుజాలు రెండూ కలిపి పట్టుకుంది. కలవలేదు. కుడి భుజం ముప్పావు అంగుళం కిందికి ఉంది. ఏళ్ల తరబడి గనిలో కేబుల్ చుట్టలు మోసి ఒక భుజం జారిన మనిషి కోసం, అది బయటికి కనిపించకుండా ఉండాలని, ఆమె తన చేత్తో అలా కత్తిరించింది. ఆ చొక్కా మోటరులో ఇరుక్కుని చిరిగిందని, అక్కడే పారేశానని చెప్పాడు.

మధులత గట్టుకు ఆనుకుని నిలబడింది. ఏడుపు రాలేదు. వచ్చిన ఆలోచన చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. నేను తిన్న చేపలన్నీ ఈ గట్టు మీదివే. చాందిని అనుమానించినన్నాళ్లూ ఒక మనిషి రూపం ఎదురుగా ఉండేది. సున్నం మరక, బెదరని కళ్లు. ఇప్పుడు ఆ రూపం జారిపోయింది. దాని వెనక ముఖం లేని ఇంకొకరు నిలబడ్డారు.

వీధిలో ఏదో దొర్లుతున్న చప్పుడైంది. ఏటవాలు ఎక్కింది. గడప దగ్గర ఆగాల్సిన చప్పుడు ఆగలేదు. గదిలోకి వచ్చింది. గది దాటింది.

వంటగది తలుపులో చక్రాల కుర్చీ నిలిచింది.

ఆ క్షణంలో తొమ్మిది తప్పులూ ఒక్కటొక్కటే పేజీ మీద నుంచి లేచిపోయాయి. వాలు, కడ్డీలు, వెడల్పు తలుపు, కింద స్విచ్చులు, మోకాళ్లు పట్టేలా ఖాళీగా వదిలిన గట్టు. ఇంత శ్రద్ధగా కట్టిన ఇల్లు ఆమె ఇంకోటి చూడలేదు. కుర్చీలో ముప్పై అయిదేళ్ల ఆడమనిషి. చక్రాల మీద చేతులు. సన్నటి నడుము. బలమైన చేతులు.

మధులత ముఖం చూడలేదు. జాకెట్టు చూసింది. మెడ చుట్టూ సన్నటి పైపింగు, చంక కింద రెండు వరసల కుట్టు. రెండు వరసలు ఈ చుట్టుపక్కల వేసేది తనొక్కతే.

"మధులతక్కవు కద?" అంది కుర్చీలోని ఆమె.

"ఎట్ల గుర్తుపట్టినవ్?"

"ఎవలైనా ముందు కాళ్లు చూస్తరు. నువ్వు కుట్టు చూసినవ్." ఆమె కుర్చీని లోపలికి తిప్పింది. "నా పేరు సమ్మక్క. పోతయ్య బిడ్డను. సారు తోలిచ్చిండా నిన్ను?"

"లేదు. మేస్త్రి పని చూస్తానికి వచ్చిన."

"అట్లనా?" సమ్మక్క ఆమె చేతిలోని చొక్కా చూసింది, నెమలికంఠం చీర చూసింది. నవ్వలేదు. "ఎట్లున్నది మరి పని?"

"ఎన్నేండ్ల సంది వస్తున్నడు?"

"నాలుగు. గోదారి పెద్దగ వచ్చిన ఏడాది. ఆయన బండెనక కూసున్న. పర్ణశాల తొవ్వల బండి జారింది. ఆయనకు చెయ్యి విరిగింది, నాకు నడుము. చెయ్యి అతికింది."

ఆ చెయ్యి. గనిలో నిచ్చెన మీది నుంచి పడ్డానని వచ్చాడు. నలభై రోజులు మధులత ఆ చేతికి కాపడం పెట్టింది, అన్నం కలిపి పెట్టింది. ఆ నలభై రోజులే తన కాపురంలో తీపి రోజులని తర్వాత చాలాసార్లు అనుకుంది. ఎంత తీపంటే, అతనికి ఇంకోసారి దెబ్బ తగిలినా బాగుండనిపించిన రోజులున్నాయి.

"ఆయన బండి మీద నువ్వెందుకు కూసున్నవ్?"

వసారాలో వల అల్లిక ఆగింది. సమ్మక్క అటు చూసి గొంతు తగ్గించింది.

"నాలుగేండ్ల సంది మా అయ్యకు కూడ చెప్పలే. అది ఆయన చెప్పాలె అక్కా. నేను చెప్పేది కాదు. ఆదివారాలు రావొద్దని నూరు సార్లన్న. వినడు. ఈ గట్టు కూడ నేనడగలే. ఒకనాడు చాందిని పట్టుకొచ్చిండు, నిలబడ్డడు, కొలవమన్నడు."

మధులతకు ఆ దృశ్యం కళ్లకు కట్టింది. చాంది వెదురు కర్ర పట్టుకుని వంగి ఉంది. ప్రేమ్‌సాగర్ చెయ్యి మడిచి, చిన్నపిల్లాడిలా కదలకుండా నిలబడ్డాడు. చూస్తున్నది ఈ మనిషి. ముగ్గురూ ఉన్న ఆ గదిలో తను లేదు. ముగ్గురికీ తెలిసిన అంకె తనకు తెలియదు. అసూయ అంటే ఇదేనేమో. ఒకరి మీద కోపం కాదు. ఒక గదిలో లేకపోవడం.

"ఒక మాట అడగాలె నిన్ను" అంది సమ్మక్క, గొంతు మార్చి. "జాకెట్లు మంచిగ కుడతవ్. కాని సంకల కాడ పట్టేస్తున్నయ్. కొలతకిచ్చింది పాతది. చక్రం తిప్పి తిప్పి చేతులు లావైనయ్. నువ్వొచ్చి కొలత తీస్కుంటే బాగుండునని సారుతోని అన్న. బువ్వ తినుడు బంద్ చేసి ఎల్లిపోయిండు."

అనుకోకుండా మధులతకు నవ్వొచ్చింది. చొక్కాను మేకుకు తగిలించి టేపు అందుకుంది.

"చెయ్యెత్తు" అంది.

సమ్మక్క రెండు చేతులూ ఎత్తింది. మధులత వంగి టేపు ఆమె కుడి చేతి చుట్టూ తిప్పింది. వెచ్చటి చర్మం, దాని కింద గట్టి కండ. రెండేళ్లుగా పుస్తకంలో అంకెగా ఉన్న చెయ్యి. పదిహేనున్నర.

అంకె చూస్తుండగానే సంచిలో ఫోన్ మోగింది. ఎడమ చేత్తో తీసింది. చాంది మేస్త్రి.

"అక్కా, ఇగ చెప్పాలె నువ్వు. కల్లూరోళ్లు లారీ తోలుతమంటున్నరు. రమ్మంటవా, వద్దంటవా?"

"దుమ్ముగూడెం ఇల్లు కాగితంల ఎందుకు రాయలే?"

అవతల ఇసుక జల్లెడ పడుతున్న చప్పుడు ఆగింది.

"సారు రాయొద్దన్నడు అక్కా. అబద్దమాడమంటే ఆడకపోదును. రాయొద్దంటే రాయలే. నువ్వు అడిగుంటే చెప్పేదాన్ని." మళ్లీ తనే అడిగింది. "చూసినవా? ఏమన్న తప్పున్నదా పనిల?"

మధులత గట్టు మీది పుస్తకం వైపు చూసింది. అందమైన చేతిరాతలో తొమ్మిది వరసలు.

"లేదు."

ఇప్పుడామెకు తను ఏం చేయబోతోందో తెలుసు. అది జాలి కాదని కూడా తెలుసు. జాలి ఇంత వేడిగా ఉండదు. అతను ఆదివారం వండితే వండనీ. కానీ ఎసరు పోసేదీ, ఉప్పు చూసేదీ తన కళ్ల ముందు జరగాలి. ఎవరి కోసం వండుతాడో వాళ్లు తను వడ్డించిన పళ్లెంలో తినాలి. ఆ ముగ్గురి గది తన ఇంటి లోపలికి రావాలి.

"సోమవారం ముఠాను తీస్కొని రా" అంది. "వంటగది ఒక్కటే కాదు. మా ఇంట్ల గడపలు ఐదున్నయ్. ఐదూ తీసెయ్యాలంటే ఎన్నొద్దులు పడతది?"

ఫోన్‌లో చాంది ఏమన్నదో వినిపించలేదు. ఎందుకంటే సమ్మక్క ఎత్తిన చేతులు దించలేదు గాని, తల తిప్పి సూటిగా ఆమె కళ్లలోకి చూసింది. ఇంతసేపట్లో మొదటిసారి మధులత ఆ ముఖం చూసింది.

"నీ ఇంటికి నేనొస్తనని ఎవలన్నరు?"

టేపు కింద కండ బిగిసింది. పదహారు.